పెద్దత్త లేవలేదు

మా ఆదివాసీల ఊరు జెమెజ్ ప్యూబ్లోలో పండుగనాడు ప్రతి ఇంట్లోనూ వచ్చినవాళ్లందరికీ వంతులవారీగా భోజనం పెడతారు. ఆ రోజు వీధిలో నాట్యాల డప్పు మోగుతుండగా, అమ్మా కొత్త వదినా వంటింట్లో మాట్లాడుకున్నారు. మాంసంతో ఎర్రమిరపకాయల కూర వదిన మొదటిసారి వండింది. నేను రొట్టెలు కోస్తూ విన్నాను.

“అత్తయ్యా, రెఫీనా పెద్దత్త ఇంకా బల్ల దగ్గరే ఉందా?”

“ఉంది.”

“తిన్నవాళ్లు లేచి, వాకిట్లో ఉన్నవాళ్లకి చోటివ్వాలి కదా. నా కూరకి వంక పెట్టడానికే కూర్చుందేమో.”

“వంకలు నిలబడి కూడా పెడుతుంది. నేను కాపురానికొచ్చిన ఏడు, నా కూర రెండు ముద్దలు తిని లేచిపోయింది.”

“అమ్మో. మరిప్పుడెలా?”

“జనం ఎదురుచూస్తున్నారు, లేవమని చెప్పొచ్చాను.”

“ఏమంది?”

“మాంసం ఉడకలేదంది.”

“అనుకున్నాను.”

“ఆ మాటంటూనే ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది. వాకిట్లో వాళ్లని పక్కింటికి పొమ్మంది.”