రెక్క మొదట్లో అతుకు

కొడుకు పోయిన రెండో నెలలో, అతను సగంలో వదిలేసిన ప్లాస్టిక్ బొమ్మ విమానాన్ని ముందేసుకుని అత్తాకోడళ్ళు వరండాలో కూర్చున్నారు. కోడలు ఉప్పుకాగితంతో అతుకు రుద్దుతోంది. చూపు మందగించిన అత్త వేలితో తడిమి చూస్తోంది.

"ఇప్పుడు చూడండి అత్తయ్యా. నున్నగా వచ్చిందా?"

"ఇంకా తగులుతోందే, రెక్క మొదట్లో. రెండు ముక్కలు కలిసినచోట సన్నటి గాడి."

"నిన్న పుట్టీ పెట్టి, ఆరాకే రుద్దానుగా."

"ఆరితే పుట్టీ కుంగుతుందమ్మా, మళ్ళీ పెట్టాలి. వాడైతే నా వేలు పట్టుకుని అతుకంతా తిప్పేవాడు. నేను సరేననేదాకా రంగు ముట్టుకునేవాడు కాదు. అన్నం చల్లారిపోతోందిరా అంటే వింటేగా, మొండిఘటం."

"నాతోనూ అనేవారు, మా అమ్మ వేలిని మించిన మిషను లేదని."

"మీ నాన్న మళ్ళీ ఫోన్ చేశాడా?"

"చేశారు. ఎప్పుడొచ్చి తీసుకెళ్ళమంటావని అడిగారు. ఇది పూర్తయ్యాక చెబుతానన్నాను."

"అయితే ఇంకాస్త పుట్టీ పెట్టు."

"ప్లాస్టిక్ బాగా పల్చబడింది అత్తయ్యా. ఇంకోసారి రుద్దితే చిల్లు పడేలా ఉంది. నా వేలికైతే ఏమీ తగలట్లేదు. మీకు నిజంగా తగులుతోందా?"

అత్త అతుకు మీద మరోసారి వేలు తిప్పింది.

"తగులుతోందంటే చెప్పండి, మళ్ళీ పెడతాను. ఎన్నిసార్లయినా పెడతాను."

"వద్దులే తల్లీ. వాడి విమానానికి నేనే చిల్లు పెట్టించనా? అతుకు నా వేలికి తగలడం మొన్ననే మానేసింది. రంగు తీసుకురా."