ఐదు దేశాలకు చలి పుట్టించిన బాబాయి

పొద్దున్నుంచి టీకొట్టావిడ ప్రాణమంతా ఫ్రిజ్ మీదే ఉంది. అది ఆగిపోయింది, లోపల సాయంత్రం బేరానికి తెచ్చిన పాలున్నాయి, అవి కాస్తా విరిగితే ఇవాళ్టికి కొట్టు కట్టెయ్యాల్సిందే. బాగుచేస్తానని వచ్చిన ఏసీ మెకానిక్ బాబాయేమో సంచీ కూడా విప్పకుండా బెంచీ మీద మఠం వేసుకుని, టీ జుర్రుకుంటూ కోతలు మొదలెట్టాడు.

"ఫ్రిజ్ ఎంతమ్మా, చిటికెలో పని! ఐదు దేశాల పెద్దల సమావేశానికి ఏసీ చూసిందెవరనుకున్నావు? నేనే!"

"ఏ దేశాలు బాబాయ్?" అన్నాడు పక్కనే కూర్చున్న దర్జీ.

"ఎదుగుతున్న దేశాలోయ్! పెద్ద దేశాల పెత్తనం ఇక చాలు, మనలో మనమే సరుకులు కొనుక్కుందాం, మనకంటూ ఓ బ్యాంకు పెట్టుకుందాం అని వచ్చారు. వచ్చారు గానీ, బ్యాంకు మా దగ్గరంటే మా దగ్గరని కుర్చీలు దూరంగా లాక్కుని మూతులు ముడుచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మీట కాస్త నొక్కాను. హాలంతా చల్లబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్కో కుర్చీ మెల్లిగా దగ్గరికి జరిగింది!"

"అమ్మో!"

"ఆగవోయ్, ఇంకాస్త నొక్కాను. గ్లాసుల్లో నీళ్లు గడ్డకట్టాయి. ఐదుగురూ ఒకే దుప్పట్లో దూరి, పళ్లు టకటకలాడిస్తూ సంతకాలు పెట్టేశారు. పెన్నులో సిరా బిగుసుకుపోతే నేనే ఊది కరిగించా! ఆ కబురు విని, మాకూ దుప్పట్లో చోటివ్వండంటూ ఇంకా ఎన్నో దేశాలు పరిగెత్తుకొచ్చాయి. చివరికి పెద్ద దేశాలవాళ్లు నాకే ఫోను! 'అయ్యా, మీ చలి సముద్రం దాటి మా దాకా వచ్చింది, ఓడలన్నీ రేవులో అతుక్కుపోయాయి, కాస్త తగ్గించండి' అని ఒకటే బతిమాలడం. ఆలోచించి చెప్తానన్నాను!"

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. టీకొట్టావిడకీ నవ్వొచ్చింది గానీ, ఫ్రిజ్ తలుపు తీసేసరికి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. దాంతో ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"చూశావుగా అమ్మాయ్, నా చేతి మహిమ!" బాబాయి సంచీ భుజాన వేసుకుని లేచాడు. "దీనికో సామాను వెయ్యాలిలే. ఇవాళ దొరకదు, రేపొస్తా."

"సామానెందుకు బాబాయ్?" ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లింది. "సముద్రాలే గడ్డకట్టించిన చెయ్యి కదా! ఇదిగో, ఈ పాలగిన్నె పక్కన ఆ చెయ్యి పెట్టి కూర్చో. రేపటిదాకా తియ్యకు."