బీరువాలోకి వెళ్ళిన బీపీ మిషన్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ గిరిబాబు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా నర్సమ్మ లక్ష్మీనరసమ్మ గారికి, కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ మా పేట వాళ్ళకి నమస్కారాలు. నా పేరు దుర్గాభవాని. మా పేట ఆశా కార్యకర్తను. రెండు ముక్కలు మాట్లాడి దిగిపోమన్నారు. ఇది రెండు ముక్కల్లో తెమిలే సంగతి కాదు, ముందే చెబుతున్నాను.

ఇందాకటి నుంచి అందరూ అమ్మగారి ఓర్పు గురించి చెప్పారు. ఓర్పా? ఈవిడ నన్ను తిట్టినట్టు మా అమ్మ కూడా తిట్టలేదు. (నవ్వులు) మీరు నవ్వకండమ్మా, మీకు తెలుసు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని, మందుల అట్టల మీద పేర్లు కూడబలుక్కుంటూ నా అంతట నేనే నేర్చుకుని గొప్పగా చదివి వినిపిస్తే, "సదివితే సరిపోదే, ఆ మాత్ర ఏసుకునే మనిషి మొకం సూడు" అని కసిరింది ఈవిడే. ఆ రోజు ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్ళినా ముందు మొహమే చూస్తాను.

మన వైపు ఒక మాటుంది. ఎవరైనా గట్టిగా అరిస్తే "ఆడికి బీపీ" అంటాం. నన్నయితే పేటంతా బీపీ పిల్ల అంటారు. నాకు ఉన్నది కోపం, బీపీ కాదు, కొలిపించుకున్నాను. ఈ మాటే ఎర్రన్నను మంచాన పడేసింది. ఎర్రన్న అంటే మా జోగయ్య మావకి అన్న. నెమ్మదస్తుడు, ఆయనకి బీపీ ఏమిటని ఎవరూ కొలిచి చూడలేదు. ఒక ఉదయం వల బాగుచేసుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం.

ఆ తరవాతే అమ్మగారు బీపీ మిషను పట్టుకుని జోగయ్య ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య కూర్మమ్మ గుమ్మంలోనే అడ్డం పడింది. "మా ఆయనకి బీపీ ఏటమ్మా? తిట్టినా తిరిగి ఒక మాట అనడు. బీపీ నాది, నాకు సూడు" అంది. ఇద్దరికీ చూస్తే ఆవిడది మామూలుగా ఉంది, ఆయనది నూట తొంభై దాటింది. "కోపమే రానోడికి బీపీ ఎలగొస్తాదమ్మా?" అన్నాడు జోగయ్య. "కోపం మొకంలో ఉంటాది నాయినా, బీపీ నరంలో ఉంటాది. రెండిటికీ సుట్టరికం లేదు" అన్నారు అమ్మగారు.

మాత్రలు ఇచ్చి వచ్చేస్తే తీరిపోయేదా? తల తిరిగిన రోజు వేసుకుంటాడు, చేపల వేటకెళ్ళే రోజు మానేస్తాడు. అందుకే మిషను వాళ్ళింట్లోనే ఉంచారు. కూర్మమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. (నవ్వులు) పెడితే పెట్టింది, తెల్లారగానే ఆయన్ని కాసేపు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద ఆన్చి, టీ తాగకముందే కొలిచేది. అంకె ఎక్కువొస్తే తిడతారని జోగయ్య కొన్నాళ్ళు తగ్గించి చెప్పాడు. "మిషను నీకు మార్కులెయ్యడానికి కాదురా" అని అమ్మగారు నచ్చజెప్పాక గానీ నిజం బయటికి రాలేదు. ఫార్మసిస్టు ఈశ్వర్ గారికి మిస్డ్ కాల్ ఇస్తే ఆయన తిరిగి చేసి అంకె కనుక్కునేవారు, అమ్మగారు చూసేవారు, డాక్టరు గారు మోతాదు మార్చేవారు, పళ్ళెంలోంచి ఎండుచేప తీసెయ్యడం, దానికి తిట్లు తినడం నా వంతు. అలా తలా ఒక చెయ్యి వేస్తే ఆ బీపీ నెమ్మదిగా దారికొచ్చింది. అదిగో, గుమ్మం దగ్గర ఉన్నాడు చూడండి, ఇంకా పడవ ఎక్కుతున్నాడు. మా పేటలో బీపీ ఉన్న మిగతా ఇళ్ళలోనూ తలా ఒక మిషను పెట్టి ఇలాగే నడిపారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మిషన్లు అమ్మగారి పేరున ఉన్నాయట. ఆవిడ దిగిపోవాలంటే సామానంతా అప్పగించాలట. పోయిన వారం నా చేతనే ఇల్లిల్లూ తిప్పి అన్నీ తెప్పించి స్టోరు గది బీరువాలో పెట్టి తాళం వేశారు. కూర్మమ్మ గుడ్డలో చుట్టి ఇస్తూ "మల్లీ ఎప్పుడిస్తారే?" అంది. కొత్త నర్సు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. పోనీ నా పేరున రాయండి అంటే, ఆశా ఉద్యోగి కాదు, రాయకూడదన్నారు. ఎండలో తిరగడానికి పనికొస్తాను, సంతకానికి పనికిరాను!

మొన్న జోగయ్య మళ్ళీ తల తిరుగుతోందన్నాడు. ఆసుపత్రికి రా మావా అంటే వేట పోతుందంటాడు. ఇంట్లో కొలుద్దామంటే మిషను తాళంలో ఉంది.

అమ్మగారు "కూకోయే" అంటున్నారు. కూర్చోనమ్మా. మీరు వెళ్ళిపోతున్నందుకు నేనివాళ ఏడవాలి. ఏడుపు రావడం లేదు, కళ్ళు మూస్తే ఆ బీరువానే కనబడుతోంది. మిమ్మల్ని సాగనంపడం నాకు చేతకాని పని. అందుకే ఇలా అరుస్తున్నాను.

ఏమిటి ఈశ్వర్ గారూ? లేచి గట్టిగా చెప్పండి, వెనక వాళ్ళకి వినబడాలి. విన్నారా? "నా పేరున రాసెయ్యండి, పూచీ నాది" అంటున్నారు. (చప్పట్లు) డాక్టరు గారూ, ఇక మీ సంతకం ఒక్కటే. భోజనాలయ్యాక చూద్దామంటారా? సరే సార్. శాలువా కప్పండి, ఫోటోలు తీసుకోండి. అమ్మగారికి దండం, నా కేకలు ఓర్చుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు. జోగయ్య మావా, నువ్వు వెళ్ళిపోకు. మా ఇద్దరికీ విస్తళ్ళు వెయ్యకండి. మేము స్టోరు గది తలుపు దగ్గర ఉంటాం. సెలవు.