ఏడోనాటి గుండు

జావాలో ఓ కొండ ఊరి ఆసుపత్రి. నిండు గర్భిణి అయిన నర్సు ఆరు రోజుల పసివాడి మాడు మీది కట్టు విప్పుతోంది. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నాయనమ్మ, ఆ ఊరి మంత్రసాని.

"అవ్వా, ఇదేంటి? ఉల్లిపాయ వాసనొస్తోంది!"

"నేనేం పెట్టలేదమ్మాయ్."

"కట్టు కింద ముద్ద కనిపిస్తోంటేనూ! పిల్లాడి నెత్తిన తాలింపు వేశావా?"

"కాస్త కొబ్బరినూనెలో నూరి రాశాన్లే. ఊళ్లో పిల్లలందరికీ రాశాను. నీకూ రాశాను."

"మాకు నెత్తిన చర్మం ఉంది. వీడికి ఇక్కడ లేదు. రోజూ కడిగి, నేనిచ్చిన మందు రాసి కట్టు కట్టు, చాలు. కింద ఎముక బాగానే ఉంది. మెల్లగా అదే పూడుతుంది."

"రేపు గుండు కొట్టి పేరు పెట్టాలే! విందుకు కోసే మేకలు కూడా వచ్చేశాయి."

"కత్తి తగలకూడదు. చెవి పక్కన నాలుగు వెంట్రుకలు కత్తిరించండి. ఇమాముగారు కాదనరు."

"సరే. నీ పురుడికి మాత్రం ఇంకెవర్నైనా చూసుకో."

"అదేం? అలిగావా?"

"వీడి తల పట్టి బయటికి తీసింది నేనే. నా గోరే గీరుకుందేమో."

"అందుకా, గోళ్లు రక్తం వచ్చేదాకా కత్తిరించుకున్నావు?"

"మళ్లీ ఏ బిడ్డకీ గీరుకోకూడదనమ్మాయ్."

"పిచ్చి అవ్వా! వీడికి కడుపులోనే అక్కడ చర్మం పట్టలేదు. నీ చెయ్యి తగలకముందే ఉంది ఇది."

"ఒట్టు?"

"నా కడుపులో బిడ్డ మీద ఒట్టు. వచ్చే నెల నా పురుడు నువ్వే పొయ్యాలి. ఆ ఉల్లిపాయలు మాత్రం ఇంట్లో వదిలేసి రా."