ఆకురాయి బల్ల దగ్గర చోటే మియా గారు

2014 జూన్ 16, సోమవారం నాడు, కొత్త రాష్ట్రానికి ఇంకా నెల నిండకముందే, శ్రీ చోటే మియా గారు నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ హైవే పక్కనున్న మా విద్యుత్ ఉపవిభాగ కార్యాలయంలో ఒప్పంద కార్మికులుగా అడుగుపెట్టారు. కాగితాల్లో వారి పేరు మహమ్మద్ చాంద్. అన్నదమ్ములలో చివరివారు కనుక చోటే అయ్యారే తప్ప, ఆ ఆరడుగుల విగ్రహం మా షెడ్డు గుమ్మంలో తల వంచకుండా లోపలికి వచ్చిన రోజు లేదు. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో వారి సేవలను స్మరించుకోవడం మాకు గౌరవం. ఆ గౌరవంతో పాటు కొంత పశ్చాత్తాపం కూడా ఉన్నది. వీడ్కోలు సంచికలో ఆ రెండో మాట ఎందుకని కొందరు మిత్రులు అన్నారు గానీ, అది వదిలేసి రాస్తే ఈ వ్యాసం వారి గురించి కాకుండా మరెవరి గురించో అవుతుంది.

అంతకుముందు వారు నకిరేకల్‌లో ఒక కట్టెకోత మిల్లులో పనిచేశారు. రంపపు పళ్లకు పదును పెట్టే విద్య వారికి తండ్రి గారి నుంచి సంక్రమించింది. మా దగ్గర చేరిన కొత్తలో ఆ విద్యతో పనే పడలేదు. తీగల మీదికి ఒరిగిన కొమ్మలను గొడ్డళ్లతోనూ దోటీలతోనూ తొలగించే కాలమది. 2016లో పెట్రోలుతో నడిచే గొలుసు రంపాలు వచ్చాయి, వచ్చిన నెలలోపే మొండికేశాయి. తుమ్మ మొద్దు మీద పెడితే కోత కంటే పొగే ఎక్కువ. సరుకు మంచిది కాదని ఒకరు, పెట్రోలులో కల్తీ జరిగిందని మరొకరు తీర్పులిచ్చి, వాపసు పంపడానికి మూటలు కూడా కట్టాం. చోటే మియా గారు ఒక మూట విప్పి గొలుసును వేలితో తడిమి చూశారు.

"మిషన్‌కు ఏం కాలే. పళ్లు మొద్దువడ్డయ్, గంతే," అని, మరునాడు ఇంటి నుంచి పళ్లు రుద్దే తమ ఉక్కు ఆకురాళ్లు తెచ్చుకున్నారు.

గొలుసు రంపానికి పదును పెట్టడం కత్తికి సాన పట్టినంత తేలిక కాదు. దాని పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలి ఉంటాయి. పంటి వంపుకు సరిపోయే గుండ్రటి ఆకురాయిని ఎంచుకోవాలి. మరీ సన్నదైతే పంటి మొదలును తినేస్తుంది, మరీ లావుదైతే అంచు మొద్దుగానే మిగిలిపోతుంది. ముందుకు నెట్టాలే తప్ప వెనక్కి గుంజకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా రెండు వైపుల పళ్లకూ ఒకే బలం పడాలి. ఒక వైపు పదునెక్కి మరో వైపు మొద్దుగా ఉంటే, రంపం పదునున్న వైపుకు లాక్కుపోయి, నిలువునా దిగాల్సింది వంకరపోయి దుంగలోనే ఇరుక్కుంటుంది. మామూలుగా ఒక్క మనిషే ఒక వైపు ముగించి, రంపాన్ని తిప్పి రెండో వైపు చేస్తాడు. మా షెడ్డు ఆచారం వేరు. గాలివానల రోజుల్లో రంపాలు వరుస కట్టేవి కనుక, బల్లకు బిగించిన రంపానికి ఇటు చోటే మియా గారు, అటు తోటి కార్మికులు శ్రీ లింగస్వామి గారు కూర్చుని చెరొక వైపు రుద్దేవారు.

లింగస్వామి గారి చెయ్యి మొదట్లో దుడుకు, మియా గారిది నిదానం. ఒకరు తగ్గి, ఒకరు పెరిగి, కొంతకాలానికి ఆ రెండు చేతులూ ఒకే మనిషివేమో అన్నంతగా కలిశాయి. మాటలు మాత్రం ఏనాడూ కలవలేదు. టీలో చక్కెర ఎంత ఉండాలన్న దగ్గర మొదలై, నకిరేకల్ నిమ్మకాయ గొప్పదా లింగస్వామి గారి ఊరి నిమ్మకాయ గొప్పదా అన్నంత వరకు పొద్దంతా పోట్లాడుకునేవారు. ఆకురాళ్లు ఆగేవి కావు. వారిద్దరి పంచాయితీ వినడానికే కొందరం పని కల్పించుకుని మరీ ఆ షెడ్డుకు వెళ్లేవాళ్లమని అధికారులు ఇప్పుడు తెలుసుకున్నా నష్టం లేదు.

2018లో కరెంటుతో తిరిగే సాన యంత్రం వచ్చింది. ఇక ఆకురాళ్లు అవతల పెట్టవచ్చునా అని ఇంజినీరు గారు అడిగినప్పుడు, చోటే మియా గారు యంత్రాన్ని తీసిపారేయలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు.

"రాయి తగిలిన గొలుసుకు, మేకు కొరికిన గొలుసుకు గీ మిషన్ మంచిగ పని చేస్తది సార్. రోజూ పెడితే పన్ను వేడెక్కి నీలంగైతది, ఉక్కుల సత్తువ పోతది. గొలుసు ఆర్నెల్లు గూడ రాదు," అన్నారు.

ఆ మాటే అప్పటి నుంచి మా షెడ్డు పద్ధతి అయింది. యంత్రం మీద ఏడాదిలో ఎక్కువ రోజులు మా టిఫిన్ డబ్బాలే విశ్రాంతి తీసుకున్నాయి. వారి కొలువు ఖాయమైంది కూడా ఈ కాలంలోనే.

2022 వానాకాలంలో నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర స్కూటర్ జారి వారి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన మరునాడే వారు బల్ల దగ్గరికి వచ్చేశారు. వచ్చారని అందరం సంతోషించాం, వారు తెచ్చిన మిఠాయి తిన్నాం. చెయ్యి ఎట్లా ఉన్నదని అడిగినట్టు మాలో ఒక్కరికీ గుర్తు లేదు.

తర్వాత వారే చెప్పినదాన్ని బట్టి, చెయ్యి మునుపటిది కాదని ఆయనకు మొదటి గంటలోనే తెలిసిపోయింది. ఆకురాయిని నెట్టిన ప్రతిసారీ మణికట్టులో కలుక్కుమనేది, బలం సగంలోనే జారిపోయేది. ఆ సంగతి పైకి చెబితే బల్ల దగ్గరి చోటు పోతుందేమోనన్నది ఆయన బెంగ. జీతం ఎక్కడ కూర్చున్నా వస్తుంది. కానీ తండ్రి చేతి నుంచి వచ్చిన పని ఆ బల్ల దగ్గరే ఉన్నది, ఎదురుగా పోట్లాడే మనిషీ అక్కడే ఉన్నాడు. అందుకే పళ్లు బిగబట్టి రుద్దారు. సాయంత్రం రంపాలు తిరిగి వచ్చే వేళకు, కోత పని చేసే ఎల్లేష్ ఏమంటాడోనని గేటు దాకా వెళ్లి నిలబడేవారు.

"ఎట్ల పోతాంది ఎల్లేషూ?"

"సక్కగనే పోతాంది చిచ్చా. జర నిదానం, గంతే."

సక్కగా పోతున్నదంటే రెండు వైపులా బలం సమంగా ఉన్నట్టే. వారం గడిచింది, నెలలు గడిచాయి, రంపం ఒక్కసారి కూడా వంకరపోలేదు. నొప్పి నొప్పిగానే ఉన్నా చేతిలోకి సత్తువ తిరిగి వచ్చిందని ఆయన నమ్మారు. చెయ్యి కుదురుకున్నదని ఇంట్లో శ్రీమతి జాహేదా గారితో చెప్పుకున్నారు, ఆమె దర్గాకు వెళ్లి ఫాతెహా చదివించి వచ్చారు.

2023 మే నెలలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన కొట్టింది. ఒక ఊరి మొదట్లో వేపచెట్టు కూలి తీగలను తెంపుకుని దారికి అడ్డంగా పడింది. ఆ వారం లింగస్వామి గారు బావమరిది ఇంటి గృహప్రవేశానికని సెలవులో ఉన్నారు. ఆయన చోట పక్క సెక్షన్ నుంచి వెంకన్న గారు వచ్చి, పొద్దున మియా గారికి ఎదురుగా కూర్చుని రంపం రుద్దారు. ఆ రంపమే చెట్టు దగ్గరికి వెళ్లింది. అదనపు గొలుసు పట్టుకుని మియా గారూ, వెంట వెంకన్న గారూ మాతో పాటు బండి ఎక్కారు. కరెంటు లేక ఉక్కపోతకు ఊరంతా బయటే నిలబడి ఉన్నది. ఎల్లేష్ రంపం దించాడు. అది జానెడు లోతు కూడా దిగకుండానే ఒక పక్కకు ఒరిగి దుంగలో బిగుసుకుపోయింది. గడ్డపార పెట్టి ఎత్తితే గానీ బయటికి రాలేదు.

"ఎవలు రుద్దిండ్రు దీన్ని? వెంకన్ననా? ఒక్క దిక్కే గుంజుతాంది," అన్నాడు ఎల్లేష్.

అందరి చూపులూ వెంకన్న గారి మీదికి మళ్లాయి. కొత్త చెయ్యి కదా, తప్పు కొత్త చేతిదే అయి ఉండాలని మేమందరం తేల్చేశాం. "నేను మంచిగనే రుద్దిన," అని ఆయన నెమ్మదిగా అన్న మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

చోటే మియా గారు గొలుసు విప్పి, బండి లైటు ముందు పట్టుకుని చూశారు. పదునైన అంచు మీద వెలుతురు నిలవదు, మొద్దుబారిన అంచే తెల్లగా మెరుస్తుంది. వెంకన్న గారి వైపు పళ్లలో మెరుపు లేదు. తమ వైపు పళ్లు ఒక్కటి తప్పకుండా మెరుస్తున్నాయి.

"వెంకన్నను ఏమనకుండ్రి. ఆయన దిక్కు మంచిగున్నది. మొద్దున్నది నా దిక్కు," అన్నారు.

మరో గొలుసుతో చెట్టు తొలగింది, ఊరికి కరెంటు వచ్చింది. తిరుగు దారిలో వారు ఆ గొలుసు పళ్లనే తడుముతూ కూర్చున్నారు. తమ చెయ్యి ఇంత బలహీనంగా ఉంటే, ఇన్ని నెలలు రంపం సక్కగా ఎట్లా పోయినట్టు? దానికి జవాబు ఒక్కటే ఉన్నది, అది ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లింగస్వామి గారు సెలవు నుంచి వచ్చిన రోజు, షెడ్డులో మేమున్నామని కూడా చూడకుండా మియా గారు అడిగారు.

"నీ దిక్కు పళ్లు గూడ మొద్దుగనే ఇడుస్తున్నవ్ గద, లింగస్వామీ. ఎప్పటి సంది?"

లింగస్వామి గారు ఆకురాయిని గుడ్డతో తుడిచారు. "నీ చెయ్యి ఇరిగి వచ్చిన కాడి నుంచి."

"నాతోని ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బల్ల కాడి నుంచి లేస్తవని."

"మొద్దు మిషన్‌ను బలంతోని అదమాలె. అదిమెటోడు ఎల్లేష్. జారితే కాలు ఆనిది పోతది, నీది గాదు, నాది గాదు."

"అయితే సాన మిషన్ మీద కూసో మియా. దానికి చేతిబలం అక్కర్లే. ఎవలేమంటరు?"

"రోజూ పెడితే గొలుసు ఖరాబైతదని సార్లకు చెప్పింది నేనే. నా కోసం ఇయ్యాల అది మంచిదైతదా?"

అని లేచారు. ఆ మధ్యాహ్నమే ఇంజినీరు గారిని కలిసి స్టోరుకు మార్పించుకున్నారు. ఫ్యూజులు, స్తంభాల మీద తీగలను మోసే పింగాణీ గిన్నెలు, తీగ చుట్టలు అప్పగించే ఆ పనిని ఈ రెండేళ్లూ ఎంత శ్రద్ధగా చేశారో ఇక్కడ అందరికీ తెలుసు. బల్ల దగ్గర ఆ చోటును వెంకన్న గారు తీసుకున్నారు, రంపాలు మళ్లీ పదునుగా, సక్కగా నడుస్తున్నాయి. కార్యాలయానికి కలిగిన నష్టమేమీ లేదు. నష్టపోయింది ఆ ఇద్దరే. ఒకే ఆవరణలో ఉంటూ, ఎదురుపడితే తలలూపుకుని తప్పుకునే స్థితికి వచ్చారు. షెడ్డుకూ స్టోరుకూ నడుమ పట్టుమని ఇరవై గజాల జాగా కూడా లేదు, అది దాటి వెళ్లి కూర్చోబెట్టి మాట్లాడించే బాధ్యత మా పెద్దవాళ్లది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ విరమణ రోజు దాకా తెచ్చాం. ఇందుకు మేము సిగ్గుపడుతున్నాం.

పోయిన వారం లింగస్వామి గారు కొత్త ఆకురాళ్ల కోసం తామే స్టోరుకు వెళ్లారు. ఎప్పుడూ వెంకన్న గారిని పంపేవారు. చోటే మియా గారు పెట్టె తెరిచి, ఒక్కొక్క ఆకురాయినీ వేళ్ల మధ్య దొర్లించి, వంకర లేనివి ఏరి ఇచ్చారు. తీసుకుని కూడా లింగస్వామి గారు కదల్లేదు.

"చెయ్యి ఎట్లున్నది మియా?"

"నొస్తాంది."

"ఎప్పటి సంది?"

"ఇరిగిన కాడి నుంచి." మియా గారు పెట్టె మూత వేశారు. "అప్పుడే అడిగుంటే చెప్పెటోన్ని లింగస్వామీ."

ఆ ఇద్దరూ ఆ పూట స్టోరు అరుగు మీద కూర్చుని టీ తాగారు. చక్కెర గురించి పోట్లాట రాలేదు. వస్తే బాగుండునని కిటికీలోంచి చూస్తున్న మాకు అనిపించింది.

చోటే మియా గారు ఈ కార్యాలయానికి పదునునిచ్చారు, అంతకుమించి ఒక నిందను పదిమందిలో తమ మీదికి తీసుకునే ధైర్యాన్ని చూపించారు. తోటి మనిషి కట్టు విప్పుకుని వచ్చిన రోజున వేయవలసిన ఒక్క ప్రశ్నను మేము వారికి వేయలేకపోయాం. శ్రీమతి జాహేదా గారి తోడునీడలో, పిల్లలు సైఫ్, సమీరాల ఆదరణలో, వారు పరిపూర్ణ ఆరోగ్యంతో, సుదీర్ఘమైన ఆయుష్షుతో, కంటినిండా నిద్రతో, కడుపునిండా కబుర్లతో విశ్రాంత జీవితం గడపాలని మా ఉపవిభాగ సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నాం. ఈ సంచికకు ఒక్క వాక్యం చెప్పమని లింగస్వామి గారిని అడిగాం. తనకు రాతలు రావంటూనే చెప్పారు, మా ఆకాంక్షలన్నిటి చివరా దాన్నే ఉంచుతున్నాం:

"మియా నూరేండ్లు పైలంగ ఉండాలె. చెయ్యి ఎట్లున్నదని ఇగ నేనే పోయి అడుగుత."