వల్లే అంటే నీళ్లు

హలో… ఆ, నేనే. సెత్తిమోనే… పెద్ద వరద వచ్చి ఇది యాభై అయిదో ఏడు, ఈ ఇంట్లో ఫోనెత్తేది నేను కాక ఇంకెవరు? … ఎవరూ, నీవెసా! చెప్పు తల్లీ. మీ కొండ మీద మంచు కరిగిందా?

… ఆఁ, బండి సిద్ధం. నూనె మార్చాను. వెనక సీటుకి తాడు కూడా కట్టి ఉంచాను. మీ నాన్న బూడిద డబ్బా ఎప్పుడు తెస్తున్నావు?

… ఏమిటీ? మళ్లీ చెప్పు.

… ఆదివారమా? … అయిపోయిందా?

… లేదమ్మా, కోపం లేదు. … పెదనాన్న ముసలాడు, ఆయనకెందుకు శ్రమ అనుకున్నావు. సరే. … సరే. ఎక్కడ కలిపావు?

… 'వల్లే'లోనా? … కాగితం మీద అలాగే రాశాడా? ఏదీ, చదువు… "నన్ను వల్లేలో వదలండి." … అంతేనా? … అంతే ఉంటుందిలే. మీ నాన్నకి రెండో మాట రాయాలంటే చెయ్యి నొప్పి.

నీవెస్… మీ ఊరి కింద, లోయలో వదిలావా?

… అయ్యో. … అయ్యో తల్లీ.

… ఏం లేదు. … ఏం లేదంటే వినవు కదా! మీ కొండల్లో వల్లే అంటే లోయ. ఇక్కడ, పో నది సముద్రంలో కలిసే చోట, వల్లే అంటే నీళ్లమ్మా. ఉప్పు మడుగు. మలుగుపాములు పట్టే చోటు. మేమిద్దరం పుట్టింది దాని గట్టు మీదే. … అవును, వరదప్పుడు లారీలెక్కించి తలో ఊరికీ పంపారు. నేను తిరిగొచ్చాను. వాడు అక్కడ మీ అమ్మని చూసి ఆగిపోయాడు.

… ఏడవకు. నీ తప్పు కాదు, వాడిదే. యాభై ఏళ్లు మీ దగ్గర తిని, చివరికి మా మాట రాశాడు.

… ఏమనుకున్నామా? ఏటా మే నెలలో దిగి వచ్చేవాడు కదా. బండి మీద నేను ముందు, వాడు వెనక. ముప్పైకి మించి పోనిచ్చేవాణ్ని కాదు. ఏ ఊరి గంటగోపురం కనబడినా సరే, భుజం మీద తట్టేవాడు — ఆపరా అన్నయ్యా, ఒక గ్లాసు వైన్. … నవ్వకు, ప్రతి ఊళ్లోనూ. ముందు పోయినవాణ్ని ఉన్నవాడు ఒకసారి అలా తిప్పి వల్లేలో దించాలి. అదీ మాట. … నేనే ముందనుకున్నాను. ఏడోవాణ్ని కదా. వాడు ఎనిమిదోవాడు. వరస తప్పాడు.

…

ఉండు ఉండు. ఆ లోయలో వాగుందా? … నీళ్లలోనే వదిలావా? … అది ఎందులో పడుతుంది? … నోచే నదిలో. మరి ఆ నోచే ఎందులో? … అదిజే నదిలో! అదిజే సముద్రంలో పడేది మా పక్కనే కదే! … మధ్యలో ఆనకట్టా? ఉండనీ. కాసేపు ఆగి, ఎవడితోనో కబుర్లాడి, దూకుతాడు. వాడికెప్పుడు తొందర?

… పెట్టేస్తున్నా. పొద్దున్నే పనుంది.

*

హలో… నీవెస్, మళ్లీ నేనే. … పక్కింటివాడి జేబు ఫోను, అడిగి తెచ్చుకున్నాను.

… తెల్లారకముందే బయల్దేరాను. అదిజే సముద్రంలో కలిసే చోట ఒక సీసాడు నీళ్లు పట్టాను. … వైన్ సీసానే. ఇంకో సీసాలో వాడు ఇముడుతాడా? … నీళ్లా, బురద బురదగా ఉన్నాయి. వాడే అయ్యుంటాడు. వెనక సీటుకి కట్టాను.

… ఆ, అన్ని చోట్లా ఆగాను. అద్రియా, మేసోలా, పొంపోసా… లేదమ్మా. భుజం మీద ఎవరూ తట్టలేదు. గోపురాలు నేనే చూసుకున్నాను. … రెండు గ్లాసులు చెప్పాను. రెండోది అలాగే బల్ల మీద వదిలేసి వచ్చాను.

… ఇప్పుడా? వల్లే గట్టు మీద ఉన్నాను. … గాలి లేదు. కొంగలున్నాయి, వాటి పని అవి చూసుకుంటున్నాయి. … మూత తీస్తున్నా. నువ్వేం మాట్లాడకు. ఫోను నీళ్ల దగ్గర పెడతాను.

…

… విన్నావా?

… అదే తల్లీ. వల్లే అంటే ఆ చప్పుడే.

… ఉంటాను.