పాల పుస్తకాలను సాక్ష్యంగా స్వీకరించిన అక్కయ్యగారు

1989 జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, వానలో తడిసిన నియామక పత్రాన్ని కిటికీ ఊచల మీద ఆరబెట్టుకుని మరీ ఆమె మన విపత్తు సహాయ కార్యాలయంలో బాధ్యతలు స్వీకరించారు. ఈ నెలాఖరున పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. మనందరికీ ఆమె అక్కయ్యగారు.

కరవు కాలపు మేత పంపిణీలోనూ, వడగళ్ల ఏటి పంటనష్టపు అంచనాలలోనూ ఆమె కనబరచిన కార్యదక్షత శ్లాఘనీయం. అయితే మన కార్యాలయం పేరెత్తితే రైతులకు గుర్తొచ్చేవి కొర్రీలే. ఒక్క గడి ఖాళీగా ఉంటే దరఖాస్తును తిప్పి పంపడమే పనితనమని మనం విర్రవీగుతుంటే, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆమె అడిగి తెలుసుకునేవారు. దానికి చాదస్తమని పేరు పెట్టి నవ్వుకున్నాం.

తొమ్మిదేళ్ల కిందటి వరదలో పాడిపశువులను పోగొట్టుకున్న రెండు వందల పన్నెండు కుటుంబాల దరఖాస్తులను, చనిపోయిన పశువు ఫొటో లేదన్న ఒకే కొర్రీతో తిప్పి పంపాం. ఒక రైతమ్మ మెట్లెక్కి వచ్చి, "ఏరు గేదెను ఈడ్చుకుపోతుంటే, కాస్త ఆగవే ఫొటో తీసుకుంటానని అనమంటారా మేడమ్?" అని అడిగింది. గది గదంతా నవ్వింది. అక్కయ్యగారు నవ్వలేదు. మర్నాడే మోకాలి లోతు బురదలో పాల సేకరణ కేంద్రాలన్నీ తిరిగి, అక్కడి పాల పుస్తకాలలో వరదకు ముందు ఏ ఇంటి పాలు ఎన్ని లీటర్లు, ఆ తరువాత ఎవరి పేరు ఎదుట సున్నా పడిందీ సరిచూసి, ఆ పుస్తకాలనే సాక్ష్యంగా స్వీకరించి అందరికీ సహాయం మంజూరు చేయించారు. ఒంటి చెప్పుతో తిరిగొచ్చి, బురదలో పోయిన రెండో చెప్పుకు తానూ దరఖాస్తు పెట్టుకోవచ్చునా, ఫొటో మాత్రం లేదని మనల్ని ఆటపట్టించారు.

అందుకు దక్కిన సత్కారం అభియోగ పత్రం. నిబంధన ఉల్లంఘించారట. ఆమె పదోన్నతి అక్కడితో ఆగిపోయింది, విచారణ నేటికీ తేలలేదు. ఆమె పక్కన కూర్చుని ఆ పుస్తకాలు సరిచూసిన గుమాస్తా, విచారణలో తనకేమీ గుర్తులేదని చల్లగా జారుకున్నాడు. ఆ పిరికివాడే ఈ వ్యాసకర్త.

కిందటి నెల పై అధికారి ఆమెను పిలిపించి, పొరపాటు జరిగిందని ఒక్క సంతకం పెడితే అభియోగం ఎత్తివేసి పూర్తి పింఛను ఇప్పిస్తామన్నారు. మరి ఆ కుటుంబాల సంగతేమిటని ఆమె అడిగారు. ఇచ్చిన సహాయం తిరిగి వసూలు చేస్తామన్నారు.

"సంతకం పెడితే ఆ గేదెలు అసలు లేనే లేవని నేనే ఒప్పుకున్నట్టు. అవి ఉన్నాయి సార్. పాలిచ్చాయి," అని కాగితం బల్ల మీదే వదిలి వచ్చేశారు. ముప్పై అయిదేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి, పింఛను ఎప్పుడొస్తుందో తెలియకుండా వీడ్కోలు దండ వేస్తున్నందుకు మనకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ గుమాస్తా తనకు గుర్తున్నదంతా ఈ ఉదయం వాంగ్మూలంగా రాసి, ముందుగా ఆమెకు చూపించాడు. ఆమె చదివి, "తేదీ వేయలేదు తమ్ముడూ. ఇదొక్కటి చాలు, వెనక్కి పంపేస్తారు," అని కలం అందించారు. తేదీ వేసి, విచారణాధికారికి ఇచ్చి, రసీదు తీసుకున్నాడు.

అక్కయ్యగారు సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లాలి. ఆమె ఏ తప్పూ చేయలేదని చెప్పే కాగితం ఆమె చేతికే అందేటంత కాలం, ఆపైన ఆ కాగితాన్నీ మనల్నీ మరచిపోయి కుటుంబంతో హాయిగా గడిపేటంత కాలం ఆమె జీవించాలి.